మా ఆయన మీద నేను పెట్టిన ప్రార్థన మనవి

మా ఆయన ఎబినేజర్ గురించి ఎవరైనా ఒక్క చెడ్డ మాట చెబితే వినాలని నాకు ఎన్నాళ్ళుగానో కోరిక. చిల్కానగర్‌లో మా గల్లీలో ఆ అదృష్టం లేదు. ఎదురింటి రాణి దగ్గర్నుంచి ఇంటి ఓనరు రామస్వామి దాకా అందరిదీ ఒకటే పాట, "మీ ఆయన బంగారమమ్మా" అని. బంగారమే. కాదని నేనెప్పుడన్నాను? పన్నెండేళ్ళుగా ఆ బంగారం పక్కన నిలబడుతున్నదాన్ని. నా కడుపుమంట మాత్రం ఎవరికీ కనిపించదు.

ఆయన జీవితం పెద్ద కథేమీ కాదు. ఆలేరు దగ్గర పల్లెలో పుట్టాడు. తండ్రి నర్సయ్య కూలికి వెళ్ళేవాడు. ఏడో తరగతిలో సారు అట్టతో ఇల్లు చేసి తెమ్మంటే ఈయన ఒట్టి చేతులతో వెళ్ళాడట. సాయంత్రం దాకా ఎండలో నిలబెట్టారట. మర్నాడు మేకల వెంట వెళ్ళాడు, మళ్ళీ బడి మొహం చూడలేదు. పదిహేడో ఏట నాచారం వచ్చి అట్టపెట్టెల కంపెనీలో చేరాడు, ఇప్పటికీ అక్కడే. అట్టల మీద మడత గీతలు కొట్టే మిషను ఆయనది. ఏ వస్తువును చూసినా దానికి ఎంత అట్ట పడుతుందో కళ్ళతోనే కొలిచేస్తాడు. ఆదివారం చర్చిలో రిథమ్ ప్యాడ్ వాయిస్తాడు. ఆయన వాయిస్తుంటే మోకాళ్ళ నొప్పుల ముసలమ్మలు కూడా లేచి నిలబడతారు.

మా బిడ్డ కెజియాను తొమ్మిది నెలలు మోసింది నేను. ఏడు నెలలు వాంతులు చేసుకున్నది నేను. అది మొట్టమొదట పలికిన మాట "డా". పిల్లలందరూ అంతేలే అని సరిపెట్టుకున్నాను. ఇప్పుడు దానికి తొమ్మిదేళ్ళు, నాలుగో తరగతి. నేను ఇంకా సరిపెట్టుకుంటూనే ఉన్నాను.

బడిలో ప్రాజెక్టు ఇచ్చారంటే మా ఇంట్లో పండగ. మిగతా ఇళ్ళల్లో తల్లిదండ్రులు తల పట్టుకుంటారు, స్టేషనరీ షాపులో రెడీమేడ్‌ది కొనిచ్చి పంపేస్తారు. మా ఆయన మాత్రం సూపర్‌వైజర్ గిరిప్రసాద్‌ను అడిగి, పనికిరాని అట్టలు బండికి కట్టుకుని వస్తాడు. గేటు చప్పుడు కాగానే పిల్ల చెప్పులు కూడా వేసుకోకుండా ఉరుకుతుంది. ఇద్దరూ నేల మీద బోర్లా పడుకుని గీస్తారు, కోస్తారు, జిగురు పూస్తారు. అగ్నిపర్వతం చేశారు, చార్మినార్ చేశారు, తొమ్మిది గ్రహాలు చేసి ఒకటి ఎక్కువైందని గంటసేపు నవ్వుకున్నారు. నేనేం చేశాను? ముక్కలు ఊడ్చాను. "మమ్మీ, జర కాలు తియ్, చంద్రుని మీద తొక్కుతున్నవ్." ఆ రోజంతా నా బిడ్డ నాతో మాట్లాడింది ఆ ఒక్క మాటే.

నేనేమైనా ఇంట్లో కాళ్ళు చాపుకుని కూర్చున్నానా? నాచారంలోనే మందుల కంపెనీలో ప్యాకింగ్ నాది. బెల్టు మీద గోలీల షీట్లు పోతుంటే, ఒక్క గోలీ తక్కువున్న షీటును పట్టి పక్కన పడేయాలి. ఒక వారం పొద్దున ఆరు నుంచి రెండు, ఇంకో వారం మధ్యాహ్నం రెండు నుంచి పది. ఆ బడి వాళ్ళు నా మీద పగబట్టినట్టు ప్రాజెక్టులన్నీ నాకు మధ్యాహ్నం షిఫ్టున్న వారంలోనే ఇస్తారు. నేను ఇల్లు చేరేసరికి ఇద్దరూ జిగురు చేతులతోనే నిద్రపోయి ఉంటారు.

ఇక సినిమాలు. నెలకొకటి, ఉప్పల్‌లో, శనివారం మధ్యాహ్నం ఆట. మాస్కులు కట్టుకుని లోకాన్ని కాపాడేవాళ్ళ సినిమాలు. అందులో కాపర్ వింగ్ అని ఒకడంటే ఇద్దరికీ ప్రాణం. వాడికి వీపున రాగి రెక్కలుంటాయి. ఎగిరే ముందు రెండుసార్లు భుజాలు ఎగరేస్తాడు. నాకెలా తెలుసంటే, పొద్దున బండి స్టార్ట్ చేసే ముందు మా ఆయన భుజాలు ఎగరేస్తాడు, వెనక పిల్ల ఎగరేస్తుంది, ఇద్దరూ కిలకిలా నవ్వుకుంటూ పోతారు. మొదటిసారి నన్ను కూడా తీసుకెళ్ళారు, అబద్ధమెందుకు. "గంత మంచిగ ఎగిరేటోడు లిఫ్టుల ఎందుకు పోతుండు?" అని అడిగాను. న్యాయమైన ప్రశ్నే కదా! "మమ్మీ, ష్!" అంది పిల్ల. "తర్వాత జెప్తలే" అన్నాడు ఈయన. తర్వాతా లేదు, పాడూ లేదు. ఆ పై నెల నుంచి రెండే టికెట్లు కొన్నారు.

జూలైలో "మా ఇల్లు" అని ప్రాజెక్టు ఇచ్చారు. నాది మళ్ళీ మధ్యాహ్నం షిఫ్టే. శుక్రవారం పొద్దున లేచి చూస్తే బల్ల మీద మా ఇల్లు ఉంది. అచ్చం మా రెండు గదులే. రేకుల వంటగది, గ్యాసు పొయ్యి, బీరువా, గోడకు బైబిలు వాక్యాల క్యాలెండరు, గేటు పక్కన బండి. మా ఆయన చేతికి దండం పెట్టాలనిపించింది. తర్వాత అందులోని అట్ట మంచం మీద చూశాను. ఒక పెద్ద బొమ్మ, ఒక చిన్న బొమ్మ. రెండింటికీ వీపున రెక్కలు.

"నేనేడున్ననే?" అన్నాను.

"నువ్వు డ్యూటీకి పోయినవ్ మమ్మీ" అంది కెజియా, పాలు తాగుతూ.

దాని మాటలో ఏ కల్మషమూ లేదు. అదే నన్ను కాల్చింది. మా ఆయన మొహం మాడిపోయింది. "ఆగు దోర్కా, ఇంకో బొమ్మ జేస్త. అయిదు నిమిషాల పని" అంటూ కత్తెర కోసం వెతికాడు. అయిదు నిమిషాల పనట! వాళ్ళ రెక్కలకు ఎన్ని గంటలు పట్టిందో అడగాలనిపించింది. "అవసరం లేదు" అని బిందె తీసుకుని బయటికి వెళ్ళిపోయాను.

ఆ పూటే పదకొండింటికి మార్తమ్మక్క ఇంట్లో మా చర్చి స్త్రీల కూటం ఉంది. పాటలు, వాక్యం అయ్యాక ఒక్కొక్కరూ ప్రార్థన మనవి చెప్పుకుంటారు, మిగతావాళ్ళు దాని కోసం ప్రార్థిస్తారు. ఒకామె కొడుకు ఉద్యోగమంది, ఒకామె నడుం నొప్పంది. నేను మా అత్తగారి షుగర్ గురించి చెబుదామని లేచాను. నోట్లోంచి వచ్చింది వేరు.

"మా ఆయన సినిమాలకు బానిసైండు అక్కా. బిడ్డను గూడ లోకంలకు గుంజుతుండు. విడుదల కోసం ప్రార్థన జేయుర్రి."

అని వలవలా ఏడ్చాను. మా సంఘంలో సినిమా అంటే పాపం కిందే లెక్క. సగం మంది ఫోన్లలో చూస్తారు, కానీ ఆ మాట ఎవరూ ఎత్తరు. మార్తమ్మక్క నా నెత్తి మీద చెయ్యి పెట్టి, గల్లీ చివరిదాకా వినబడేలా, "ప్రభువా, ఎబినేజర్‌ను పట్టిన సినిమా ఆత్మను గద్దించు" అని ప్రార్థన ఎత్తుకుంది. పదిహేను మంది ఆమెన్ అన్నారు. నిజం చెబుతున్నాను, నాకు హాయిగా అనిపించింది. జన్మలో మొదటిసారి ఆయన పేరు చెడ్డగా విన్నాను.

ఆదివారం సాయంత్రం పాస్టర్ గారు మా ఇంటికి వచ్చారు. నేను చాయ్ పెట్టాను. "బ్రదర్, మందిరంలో వాయించే చేతులు నీవి. పిల్లలు నిన్ను చూసి నేర్చుకుంటారు" అన్నారాయన నెమ్మదిగా. మా ఆయన వాదిస్తాడనుకున్నాను. వాదిస్తే ఏమనాలో కూడా సిద్ధం చేసుకున్నాను. మనిషి తల దించుకుని వింటూ కూర్చున్నాడు. ఎవరు చెప్పారని కూడా అడగలేదు.

ఆ పై ఆదివారం ఆరాధనలో లేచి, "నేనిగ సినిమా హాలుకు పోను. దేవుని ముందర, మీ అందరి ముందర మాటిస్తున్న" అన్నాడు. ప్యాడ్ దగ్గరికి వెళ్ళకుండా ఆఖరి వరసలో కూర్చున్నాడు. తనకు వాయించే అర్హత లేదన్నాడట. ఇంటికి వచ్చాక నాతో ఏమన్నాడో తెలుసా? "ఉప్పల్‌ల మనోళ్ళెవరో సూసిన్రు కావచ్చు దోర్కా. మంచిదే అయింది. బిడ్డను నేనే పాడు జేస్తున్ననేమో." నా వైపు ఒక్క అనుమానపు చూపు చూడలేదు. చూసి ఉంటే నాలుగు కేకలేసుకుని తేల్చుకునేవాళ్ళం.

కాపర్ వింగ్ రెండో భాగం రావడానికి అప్పటికి రెండు వారాలే ఉంది. పిల్ల వేసుకుని వెళ్ళడానికి అట్ట రెక్కలు చేస్తున్నారు వాళ్ళు. సగం కోసినవి బీరువా వెనక అలాగే ఉండిపోయాయి.

సరే, ఇక పిల్ల నాది అనుకున్నాను. నీటి చక్రం ప్రాజెక్టు వచ్చింది. అది డాడీ చెయ్యి పట్టి లాగితే, "మమ్మీతోని జేసుకో బిడ్డా" అని ఆయన గడప మీద కూర్చున్నాడు. నేను చార్టు కొన్నాను, మెరిసే పొడి కొన్నాను, షిఫ్టు మార్పించుకున్నాను కూడా. ఇద్దరం కూర్చున్నాం. "గీత వంకర పోయింది, తుడువ్. మేఘం పెద్దగైంది, తుడువ్." తప్పు కనబడితే ఊరుకునే కళ్ళు కావు నావి. తుడిచి తుడిచి సముద్రం దగ్గర చార్టు చిరిగింది. మా ఇద్దరికీ నవ్వు రాలేదు. అయిపోయాక, "థాంక్యూ మమ్మీ" అంది, బడిలో టీచరుకు చెప్పినట్టు. డాడీకి అది జన్మలో థాంక్యూ చెప్పలేదు.

ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. సాయంత్రం బండి ఖాళీగా వచ్చేది. గేటు చప్పుడైనా పిల్ల పుస్తకంలోంచి తల ఎత్తేది కాదు. ఆయన కాళ్ళు కడుక్కుని, గడప మీద కూర్చుని, గోడ వైపు చూసేవాడు. వాళ్ళిద్దరి మధ్య ఉన్నదాన్ని తీసేస్తే అది నాకు వస్తుందనుకున్నాను. అది ఎవరికీ రాలేదు.

ఒక గురువారం అన్నం ముందు ఎప్పటిలా ముగ్గురం కుటుంబ ప్రార్థనకు కూర్చున్నాం. చివర కెజియా వంతు. అది రోజూ చదువు కోసం, మంచి నిద్ర కోసం అడుగుతుంది. ఆ రోజు కళ్ళు గట్టిగా మూసుకుని, "యేసయ్యా, మా డాడీ పాపం క్షమించు. రెక్కలు నేనే అడిగిన. సినిమాకు పోదమని నేనే ఏడ్చిన. డాడీని ఏం జెయ్యకు, నన్ను జెయ్యి" అంది.

నేను లేచి అన్నం వడ్డించాను. ఛీ, నా బతుకు! తొమ్మిదేళ్ళ పిల్ల తండ్రి మీద పడే దెబ్బకు తన వీపు చూపిస్తోంది. ఆ దెబ్బ వేయించింది దాని కన్నతల్లి.

మూడు రోజులు నాలో నేనే కొట్టుమిట్టాడాను. ఆయనకు ఒక్కడికే చెవిలో చెప్పుకుంటే పోయేదే, క్షమించేస్తాడు, బంగారం కదా! కానీ ఆయన పాపిష్టివాడని పిల్ల విన్నది చర్చిలో అందరి మధ్య. కాదన్న మాట కూడా అక్కడే వినాలి. అప్పుడు ఆ నింద వేసింది నేనని కూడా వింటుంది. ఇన్నాళ్ళూ దానికి నా అవసరం లేదు, అంతే. రేపటి నుంచి నేనంటే అసహ్యం పుడుతుంది. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా బెల్టు మీద గోలీలు లేని షీట్లు కూడా వదిలేశాను. మా ప్యాకింగ్ సూపర్‌వైజర్ లక్ష్మీనర్సమ్మ మేడం రెండుసార్లు తిట్టింది.

ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాల సమయంలో లేచాను.

"అందరికి వందనాలు. నేను సాక్ష్యం జెప్పనీకి లేవలే, తప్పు ఒప్పుకోనీకి లేచిన. మార్తమ్మక్క ఇంట్ల నేను పెట్టిన మనవి అబద్ధం. మా ఆయన సినిమాలకు బానిస గాలే. నెలకొక్కటి సూస్తడు, బిడ్డతోని. ఒక్కనాడు ఆరాధన ఎగ్గొట్టలే, ఒక్కనాడు బిడ్డకు చెడ్డ మాట నేర్పలే. వాళ్ళిద్దరు నవ్వుకుంటుంటే నాకు కండ్లల్ల మంట. గంతే. ఓర్వలేకపోయిన. గా కుళ్ళును తీసుకొచ్చి ప్రార్థనల పెట్టిన."

వెనక నుంచి ఎవరో అలవాటు కొద్దీ "స్తోత్రం" అని, అన్నాక నాలిక కరుచుకున్నారు. మార్తమ్మక్క కొంగు సర్దుకుంటూ కిటికీ వైపు చూసింది. పాస్టర్ గారు "కూర్చోమ్మా" అన్నారు. తర్వాత ఆఖరి వరస వైపు చూసి, "బ్రదర్, ఆ మాట నువ్వు ఇచ్చావు, ఏం చేసుకుంటావో నువ్వే చూసుకో. ప్యాడ్ మాత్రం ఖాళీగా ఉంది" అన్నారు. మా ఆయన లేవలేదు. కెజియా నా పక్క నుంచి లేచి, వెళ్ళి ఆయన ఒళ్ళో కూర్చుంది.

బండి మీద ముగ్గురం ఇంటికి వచ్చాం. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆయనే మొదలుపెట్టాడు.

"నాకొక్క మాట జెప్తే అయిపోతుండె గదనే."

"ఏం జెప్పాలె?" నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. తప్పు నాదే అయినా వచ్చింది. "నన్ను గూడ ఆడనియ్యుర్రి అని చిన్నపోరి లెక్క అడగాల్నా? ఇంత దాన్ని, సిగ్గు గాదా నాకు?"

బీరువాకు ఆనుకుని కూర్చున్న కెజియా తల ఎత్తింది. చర్చి నుంచి వచ్చాక అది నా మొహం చూడటం అదే మొదలు.

"అడిగితే ఏమైతది మమ్మీ?" అంది.

ఏడ్చాను. ఈసారి పదిహేను మంది లేరు. అది దగ్గరికి రాలేదు, కానీ వెళ్ళిపోనూ లేదు. కాసేపటికి లేచి బీరువా వెనక నుంచి సగం రెక్కలు లాగి నేల మీద పరిచింది. "జిగురు డబ్బా ఇయ్యి" అంది. డాడీతో అంటోందనుకుని నేను కదల్లేదు. "నిన్నే" అంది.

ఆ వారం రెక్కలు పూర్తయ్యాయి. నాకు ఎడమ రెక్కకు రంగు వేసే పని ఇచ్చారు. కుడి రెక్క ఆయన వేశాడు, నా దానికంటే వెయ్యి రెట్లు బాగా వేశాడు, చూసి ఒళ్ళు మండింది. శనివారం బయలుదేరదామంటే మాత్రం ఆయన కదల్లేదు. "దేవుని ముందర ఇచ్చిన మాట. నీ అబద్ధం వల్లనే ఇయ్యొచ్చు, ఇచ్చిన నోరు నాదే గద" అన్నాడు. ఎంత బతిమాలినా వినలేదు. "నువ్వు తీసుకపో. లిఫ్టు గురించి దాన్ని అడుగు, జెప్తది" అన్నాడు నవ్వుతూ.

ఆటోలో రెక్కలు పట్టక సగం బయటికి పెట్టి ఉప్పల్ తీసుకెళ్ళాను. హాల్లో వెనకవాళ్ళు రెక్కలు తీయించమని గొడవ చేస్తే నేను లేచి నాలుగు మాటలు తగిలించాను. నాకు సినిమా ముక్క అర్థం కాలేదు. కెజియా నా చెవి దగ్గర నోరు పెట్టి, వాడెవడు, వీడెందుకు వచ్చాడు, ఆ మాస్కు ఎవరిది అని మొత్తం చెబుతూనే ఉంది. దాని ఊపిరి వెచ్చగా నా చెవికి తగులుతోంది. మా ఆయన ఇన్నేళ్ళుగా ఒక్కడే అనుభవించింది ఇదా అనుకున్నాను. అంత సంతోషంలోనూ ఆయన మీద మళ్ళీ కుళ్ళు పుట్టింది.

ఆట అయిపోయాక మెట్లు దిగుతూ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "మమ్మీ, ఇంటికి పోయినంక నువ్వేం జెప్పొద్దు. మొత్తం డాడీకి నేనే జెప్త. నువ్వు నడుమల మాట్లాడితే మజా పోతది."

"టికెట్ కొన్నది నేను, వెనకోళ్ళతోని కొట్లాడింది నేను!" అన్నాను.

"ఒట్టు పెట్టు" అంది.

పెట్టాను.

ఇల్లు చేరేసరికి ఆయన గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. పిల్ల ఆటో ఆగకముందే దూకింది. ఆయన్ను నేల మీద కూర్చోబెట్టి, తాను మంచమెక్కి, మొదటి నుంచి మొదలుపెట్టింది. ఎగిరింది, పడింది, చచ్చి మళ్ళీ లేచింది. ఆయన నోరు తెరుచుకుని వింటున్నాడు, చిన్నపిల్లాడిలా ప్రశ్నలు అడుగుతున్నాడు. ఆ సినిమా చూసింది నేను, చూడనిది ఆయన. అయినా అది వాళ్ళ సినిమాయే. మధ్యలో రెండుచోట్ల పిల్ల తప్పు చెప్పింది, నాలిక చివరిదాకా వచ్చింది, ఒట్టు గుర్తొచ్చి మింగేశాను. నా కడుపు ఉడికిపోతూనే ఉంది. వంటింట్లో బియ్యం కడగాలి, నీళ్ళు పట్టాలి, మామూలుగా అయితే లేచి వెళ్ళిపోయేదాన్నే. వెళ్ళలేదు. ఆయన పక్కన నేల మీదే, ఆ మంచానికి ఎదురుగా, అది పూర్తయ్యేదాకా కూర్చున్నాను.